పాప్-అప్ పైకప్పు మొదటి జానెడు లేపలేకపోతున్నాను, ఉపాయం ఉందా?

ఒంటరి చక్రం (ప్రశ్న)

నమస్కారం. నా క్యాంపర్ వ్యానుది పాప్-అప్ పైకప్పు, అంటే బండి ఆగాక పైకి లేపి తెరిచే రకం. కీళ్లు ముందు వైపు ఉన్నాయి, లేచేది వెనక వైపు. ఫైబర్‌గ్లాసు కప్పు. పాత యజమాని దాని మీద గాజు సోలార్ ప్యానెల్ కూడా బిగించారు. రెండు పక్కలా గ్యాస్ స్ట్రట్లు (వాయువు ఒత్తిడితో కప్పును పైకి నెట్టే గొట్టాలు) ఉన్నాయి, వాటి మీద 600 న్యూటన్లు అని నెట్టే బలం రాసి ఉంది.

సగం దాకా లేపితే చాలు, ఆ తర్వాత దానంతట అదే వెళ్లిపోతుంది. మొదటి జానెడే ప్రాణం తీస్తోంది. నేను అయిదడుగుల మనిషిని. చేతులు పూర్తిగా పైకి చాచి నెట్టాలి, ఆ భంగిమలో ఎవరికైనా బలం ఎక్కడుంటుంది? కుడి భుజం మర్నాడంతా సలుపుతుంది. చలిలో అయితే మరీ మొండికేస్తుంది.

ఇంకా బలమైన స్ట్రట్లు వేయిస్తే సరిపోతుందా? వ్యాయామం చేయమన్న సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు, వారికి కృతజ్ఞతలు.

వెన్నెల సవారి

ముందు ఖర్చు లేని పనులు చూడండి. కప్పు లేపేటప్పుడు పక్క తలుపు తెరిచి ఉంచుతున్నారా? అన్నీ మూసి లేపితే గాలి లోపలికి వచ్చే దారి లేక కప్పు కిందికే లాగుతుంది. దించేటప్పుడూ తలుపు తెరిచే ఉండాలి, లేదంటే కప్పు చుట్టూ ఉండే గుడ్డ గోడ బయటికి ఉబ్బి అంచుల మధ్య నలుగుతుంది. పై పడక కప్పుతోపాటు లేచే రకమైతే పరుపు, దుప్పట్లు ముందే దించేయండి.

ఇక చేతులతో నెట్టడం మానండి. గట్టి పీట ఎక్కి, మోకాళ్లు వంచి, వీపు పైభాగాన్ని వెనక అంచు దగ్గర కప్పుకు ఆనించి కాళ్లతో లేవండి. తొడల బలం ముందు భుజాల బలం ఏపాటి!

బోల్టు బాబాయి

అమ్మా, బలమైన స్ట్రట్లు అప్పుడే కొనకండి. మీరు చెప్పిన లక్షణంలోనే జబ్బు కనిపిస్తోంది. కప్పు మూసి ఉన్నప్పుడు స్ట్రట్ దాదాపు పడుకుని ఉంటుంది. దాని బలంలో ఎక్కువ భాగం కప్పును ఎత్తడానికి కాక, పొడవునా కీళ్లను నెట్టడానికే పోతుంది.

ఉదాహరణకు కప్పు 60 కిలోలు, కీళ్ల నుంచి వెనక అంచుకు 2.2 మీటర్లు, బరువు సరిగ్గా మధ్యలో ఉందనుకుందాం. అంచు దగ్గర తగిలేది 30 కిలోలు. స్ట్రట్ పై కొస కీళ్లకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉండి, మూసినప్పుడు కప్పుతో 15 డిగ్రీల కోణంలో ఉంటే, ఒక్కోటి 600 న్యూటన్ల జత అంచు దగ్గర ఇచ్చే సాయం ఎనిమిదిన్నర కిలోలే. మిగతా ఇరవై ఒకటిన్నర మీ మీదే. కోణం 60 డిగ్రీలకు చేరేసరికి అదే జత 29 కిలోల దాకా మోస్తుంది. తెరుచుకునే కొద్దీ స్ట్రట్ బలం కొంత తగ్గుతుంది కానీ, ఇక్కడ ఆ సూక్ష్మం వదిలేశాను.

అందుకని మార్చాల్సింది కోణం. కింది బ్రాకెట్‌ను (స్ట్రట్ కింది కొసను వ్యాను గోడకు పట్టి ఉంచే బిగింపును) కాస్త దించి మొదటి కోణాన్ని 25 డిగ్రీలు చేస్తే, అవే స్ట్రట్లు 14 కిలోలు మోస్తాయి. అయితే ముందు అట్ట మీద కొలతల ప్రకారం గీసుకోండి. కప్పు పూర్తిగా మూసుకోకముందే స్ట్రట్ కుదించుకోవడం అయిపోతే బ్రాకెట్ ఊడి వస్తుంది.

900 న్యూటన్లవి వేస్తే లేపడం తేలికే, దించడం నరకం. పైగా మూసి ఉన్నప్పుడు కూడా అవి కప్పును గట్టిగా నెడుతూనే ఉంటాయి, పలచని ఫైబర్‌గ్లాసు వంగవచ్చు.

చలి సంగతి: వాయువు చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. 20 డిగ్రీలు తగ్గితే సుమారు 7 శాతం బలం పోతుంది. అంతకంటే ఎక్కువ నీరసించాయంటే స్ట్రట్లు పాతబడి ఉండవచ్చు. కడ్డీ మీద నూనె మరకలు కనిపిస్తే జతగా మార్చండి. విప్పే ముందు కప్పును పూర్తిగా తెరిచి, రెండు దిట్టమైన కర్రలు ఊతంగా పెట్టాలి. ఇందులో మొహమాటం వద్దు.

సోలార్ ప్యానెల్ ఎక్కడుంది? వెనక అంచున ఉంటే దాని బరువు దాదాపు మొత్తం మీరే మోస్తున్నారు.

పన్నెండు వోల్టులు

ఇంత జ్యామితి ఎందుకండీ? రెండు లీనియర్ యాక్చువేటర్లు (మోటారుతో కడ్డీని ముందుకూ వెనక్కీ జరిపే పరికరాలు), ఒక మీట. నొక్కితే లేస్తుంది.

బోల్టు బాబాయి

రెండూ ఒకే వేగంతో కదలకపోతే కప్పు మెలితిరుగుతుంది, కాబట్టి వాటిని సమన్వయపరిచే కంట్రోలర్ కావాలి. బ్యాటరీ చచ్చిన రోజున తెరిచిన కప్పుతో బండి నడపలేరు, కాబట్టి చేత్తో విడదీసే పిన్ను కూడా కావాలి. అవి రెండూ ఉంటే నాకు అభ్యంతరం లేదు.

ఒంటరి చక్రం

బాబాయి గారూ, కొలిచాను. మనుషుల బరువు చూసే తూకం నేల మీద పెట్టి, దాని మీద కర్ర నిలబెట్టి, వెనక అంచు అంగుళం లేచి ఉండేలా ఆనించాను. కర్ర బరువు తీసేస్తే 26 కిలోలు, అదీ స్ట్రట్లు ఉండగానే! ప్యానెల్ ఎనిమిది కిలోలది, కీళ్లకు రెండు మీటర్ల దూరంలో ఉంది. కడ్డీలు శుభ్రంగానే ఉన్నాయి. తలుపు తెరిచి, పీట ఎక్కి వీపుతో లేపితే లేచింది, కానీ ఇష్టంగా కాదు. బ్రాకెట్ కోసం వ్యాను గోడకు రంధ్రాలు వేయాలంటే భయంగా ఉంది.

బోల్టు బాబాయి

అయితే ముందు ప్యానెల్ జరపండి. కీళ్లకు అర మీటరు దూరానికి తెస్తే అంచు దగ్గర అయిదున్నర కిలోలు తగ్గుతాయి. పాత రంధ్రాలను సీలెంటుతో మూయడం మరవకండి. ఆ తర్వాత మళ్లీ తూచి, చాలకపోతేనే బ్రాకెట్ జోలికి వెళ్దాం. అప్పుడు కూడా లోపలి అట్ట విప్పి, వైర్లు, సీటు బెల్టు బిగింపులు ఎక్కడున్నాయో చూశాకే డ్రిల్లు పట్టండి. పలచని రేకును ఒక్కదాన్నే నమ్మకుండా వెనక ఉక్కు పలక పెట్టి బోల్టులు బిగించాలి. మీ బ్రాకెట్ ఫొటో, మూసినప్పుడు స్ట్రట్ పొడవు, తెరిచినప్పుడు పొడవు పెట్టండి, అట్ట మీద నేనూ గీసి చూస్తాను.