గోడలో సీపీవీసీ ఎల్బో లీకు: పైన ఎంసీల్ పెడితే ఆగుతుందా?

ప్రశ్న:
ఇల్లు కట్టి ఏడాదే. ట్యాంకు నుంచి బాత్రూంకి ముప్పావు అంగుళం సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్ పైపు) లైను. టైలు తీస్తే ఎల్బో (పైపు మలుపు ముక్క) దగ్గర నీళ్లు ఊరుతున్నాయి. ప్లంబరు ఎంసీల్ చాలంటున్నాడు. నిజమేనా అండి?

జవాబు 1:
నిలవదండి. లోపల ప్రెషరు ఉంటుంది, పైన పూసింది కొన్నాళ్లకి వదిలేస్తుంది. ఎల్బో కోసేయాల్సిందే. ఎల్బో 1, కప్లర్లు (రెండు పైపుల్ని కలిపే ముక్కలు) 2, రెండడుగుల పైపు, సీపీవీసీ సొల్యూషన్ (పైపులు అతికే జిగురు) చిన్న డబ్బా తెప్పించండి. యూపీవీసీ (వేరే రకం ప్లాస్టిక్ పైపు) సొల్యూషన్ అంటగడితే మళ్లీ ఇదే కథ.

ట్యాంకు వాల్వు కట్టి, కింది కుళాయి తిప్పి లైను ఖాళీ చేయండి. చుక్క తడి ఉన్నా అతుకు పట్టదు. పైపు వంకర లేకుండా కోసి, పీచు గీకేసి, సాకెట్ (ఎల్బో, కప్లర్లలో పైపు దూరే నోరు) లోతుని పైపు మీద మార్కరుతో గుర్తు పెట్టండి. సొల్యూషన్ని పైపుకి నిండుగా, సాకెట్లో పల్చగా పూసి, పావు చుట్టు తిప్పుతూ గుర్తు దాకా దూర్చి 30 సెకన్లు పట్టుకోవాలి. వదిలేస్తే పైపు వెనక్కి తన్నుకొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
గోడలో పైపు కదలట్లేదు. రెండో కప్లర్ ఎక్కేదెలా?

జవాబు 2:
రెండు వైపులా అడుగు చొప్పున గాడి చెక్కండి, పైపు కాస్త వంగుతుంది. గోడలో యూనియన్ (మరతో విప్పి బిగించే జాయింటు) మాత్రం పెట్టనివ్వకండి. కోసిన ఎల్బోని నిలువునా చీల్చి చూడండి: పైపు సగమే దూరి ఉంటే మిగతా అతుకుల్నీ అనుమానించాల్సిందే.

జవాబు 3:
24 గంటలు ఆగి నీళ్లు వదలండి. ఇంకో రోజు పొడిగా ఉంటేనే టైలు.