ఎమ్‌క్యాట్ ఏప్రిల్‌లోనా, జూన్‌లోనా? ఎటూ తేల్చుకోలేకపోతున్నాను

వానచినుకు:
అందరికీ నమస్కారం. బయాలజీ మూడో ఏడు చదువుతున్నాను, ఈ వేసవిలోనే అమెరికాలో మెడికల్ స్కూళ్లకి అప్లై చేద్దామని ఉంది. వాటి ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్ ఏప్రిల్ చివరికి బుక్ చేసుకున్నాను, ఇంకా ఏడు వారాలుంది. ఇప్పటికి రెండు ఫుల్ లెంగ్త్ ప్రాక్టీస్ టెస్టులు రాస్తే 502, 504 వచ్చాయి, నాకు కావాల్సింది 512. బయోకెమిస్ట్రీ ఈ సెమిస్టర్‌లోనే నడుస్తోంది, మెటబాలిజం ఇంకా మొదలే పెట్టలేదు. నా రూమ్మేట్, క్లాసులో మిగతా అమ్మాయిలు అందరూ ఏప్రిలే అంటున్నారు, నేనొక్కదాన్నే జూన్‌కి జరిపితే వెనకబడిపోతానేమోనని టెన్షన్. ఏప్రిల్‌లో ఒకసారి రాసి చూసి, సరిగ్గా రాకపోతే మళ్లీ రాస్తే నష్టమేమైనా ఉందా? రాత్రిళ్లు ఇదే ఆలోచన, దీంతో చదువూ సాగట్లేదు.

రెండోప్రయత్నం:
చెల్లీ, ‘ఒకసారి రాసి చూద్దాం’ అన్న ఆలోచన ముందు తీసెయ్. నేను అచ్చంగా అదే చేశాను. ప్రాక్టీస్‌లో 505 దాటకుండానే, తేదీ వచ్చేసింది కదా అని వెళ్లి కూర్చున్నాను. కార్స్‌లో, అదే ప్యాసేజీలు చదివి జవాబులిచ్చే సెక్షన్‌లో, ఆరో ప్యాసేజీ దగ్గర ఒకే పేరా నాలుగుసార్లు చదివాను, కళ్లు లైన్ల మీద పోతున్నాయి గానీ బుర్రకి ఒక్క ముక్క ఎక్కట్లేదు, తల ఎత్తి చూస్తే పదకొండు నిమిషాలే ఉన్నాయి, ఇంకా మూడు ప్యాసేజీలు ముట్టుకోనే లేదు. 503 వచ్చింది. మరుసటి ఏడాది 513 తెచ్చుకున్నాను గానీ ఒక ఇంటర్వ్యూలో ఆ పాత స్కోరు గురించే అడిగారు. మంచిదొక్కటే పంపుతానంటే కుదరదు, అన్నీ కనబడతాయి. పరీక్ష చివర్లో వాయిడ్ చేస్తే, అంటే రద్దు చేసుకుంటే, స్కోరు రాదు, కానీ అదీ ఒక ప్రయత్నం కిందే లెక్క. ఏడాదిలో 3, వరసగా రెండేళ్లలో 4, మొత్తం జీవితంలో 7, అంతే.

పాతనోట్సు:
ఆయన చెప్పింది నిజం. కాకపోతే ‘పూర్తిగా సిద్ధమయ్యాకే’ అంటూ జరుపుకుంటూ పోయేవాళ్లనీ చూశాను, వాళ్లు ఎప్పటికీ సిద్ధం కారు. అందుకే ఒక అంకె పెట్టుకోమ్మా. పరీక్ష పెట్టే ఏఏఎంసీ వాళ్ల ఫుల్ లెంగ్త్‌లలో చివరి మూడు పొద్దున ఎనిమిదింటికి కూర్చుని, ఎక్కడా పాజ్ చేయకుండా, బ్రేకులతో కలిపి ఆ ఏడున్నర గంటలూ అసలు పరీక్షలాగే రాసి సగటు చూసుకో. 510 దాటితే వెళ్లు. క్లాసులు నడుస్తుండగా ఏడు వారాల్లో 504 నుంచి 512కి అంటే అసాధ్యం అనను గానీ, నేనైతే దాని మీద ఏడాది పందెం కాయను. పైగా బయోకెమిస్ట్రీ అవ్వకుండా అసలు వద్దు, అది బయాలజీ సెక్షన్‌తో ఆగదు, కెమిస్ట్రీ-ఫిజిక్స్ సెక్షన్‌లోనూ వస్తుంది. అమైనో ఆమ్లాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

ఇక వెనకబడటం సంగతి. స్కోరు రావడానికి నెల రోజుల పైచిలుకు పడుతుంది, జూన్ మొదట్లో రాస్తే జూలైలో చేతికొస్తుంది. ఆమ్‌కాస్ అప్లికేషన్, అంటే స్కూళ్లన్నిటికీ కలిపి ఒకేచోట పెట్టేది, స్కోరు లేకుండానే పంపొచ్చు, కోర్సులూ గ్రేడ్లూ వెరిఫై చేయడానికే వాళ్లకి వారాలు పడుతుంది. ముందు ఒక్క స్కూలు పేరుతో పంపేసి వెరిఫికేషన్ కానివ్వు, స్కోరు చూసుకుని మిగతావి చేర్చు. పరీక్ష తేదీని జూన్ సగం మాత్రం దాటనివ్వకు.

రెండోప్రయత్నం:
జూన్‌కి కూడా 510 రాకపోతే ఏడాది ఆగడానికి సిగ్గుపడకు. స్కోర్లు రెండు మూడేళ్ల వరకు చాలా స్కూళ్లు తీసుకుంటాయి. తేదీ మార్చాలంటే మాత్రం ఈ వారమే మార్చు, పరీక్ష దగ్గరపడేకొద్దీ ఫీజు పెరుగుతుంది, ఆఖరి పది రోజుల్లో ఇక మార్చనివ్వరు.

వానచినుకు:
మార్చేశాను. దగ్గర సెంటర్‌లో జూన్ సీట్లు అయిపోయాయి, రెండు గంటల డ్రైవ్‌లో ఒకటి దొరికింది, ముందురోజే వెళ్లి ఉంటాను. సెమిస్టర్ మే మొదట్లో అయిపోతుంది కాబట్టి నెల రోజులు దీనికే. కార్స్ మాత్రం భయంగానే ఉంది, రోజుకి ఎన్ని ప్యాసేజీలు చేయాలి?

పాతనోట్సు:
రెండు చాలు, కానీ ఒక్క రోజూ మానకుండా. తప్పు పోయిన ప్రశ్నకి వివరణ చదివే ముందు, నువ్వు ఆ ఆప్షన్ ఎందుకు పెట్టావో ఒక్క వాక్యం రాసుకో. రెండు వారాలయ్యాక ఆ వాక్యాలన్నీ ఒకేసారి చదువు, ఎక్కడ పొరబడుతున్నావో నీకే కనబడుతుంది.