‘కూరా పర్సొనాలిస్’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: మా అమ్మాయికి వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో సీటొచ్చింది. 1789 నాటి జెస్యూట్ సంస్థ, అంటే ‘యేసు సభ’ అనే కతోలిక గురువుల సంఘానిది. వాళ్ల కాగితాల్లో ‘కూరా పర్సొనాలిస్’ అనే లాటిన్ మాట పదేపదే కనిపిస్తోంది. అదేమిటని అమ్మ అడిగితే ‘వ్యక్తిగత శ్రద్ధ’ అని చెప్పాను. “మన సందు చివర కోచింగ్ సెంటర్ బోర్డు మీదా అదే ఉంటుంది కదే, దానికి అంత దూరం ఎందుకూ?” అంది. ఇంతకంటే మంచి మాట ఏదైనా ఉందా అండీ?

జవాబు: అమ్మగారు అసలు సంగతి పట్టుకున్నారు. బోర్డుల మీద ‘వ్యక్తిగత శ్రద్ధ’ అంటే మార్కులు ఎక్కడ తగ్గాయో చూసి అక్కడ రుద్దించడం. లాటిన్ మాటకు పరిధి పెద్దది. చదువుతోపాటు ఆ పిల్ల దిగులు, భయం, నమ్మకం, ఆరోగ్యం, ఎటు పోవాలో తెలియని తికమక, అన్నీ అందులోకి వస్తాయి.

ఈ మాట జెస్యూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా నోటి నుంచే వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది వాడుకలోకి వచ్చింది 20వ శతాబ్దంలో. 1934లో అప్పటి సభాధిపతి లెడొహోవ్‌స్కీ అమెరికాలోని తమ విద్యాసంస్థలకు ఒక ఉత్తర్వు పంపారు. పాఠం చెప్పి ఊరుకోకుండా ఒక్కొక్క విద్యార్థికీ విడిగా సలహా, ధైర్యం, హితవు చెప్పాలని అందులో రాశారు. ‘మనిషిని మొత్తంగా చూడటం’ అన్న విస్తారమైన అర్థం ఆ తర్వాత స్థిరపడింది.

మాట కొత్తదే గానీ పద్ధతి పాతది. 1529లో పారిస్‌లో, సెయింట్ బార్బ్ కాలేజీ గదిలో ముగ్గురు ఉండేవారు. నలభైకి దగ్గరపడిన ఇగ్నేషియస్, ఇరవై మూడేళ్ల పియెర్ ఫావ్రే, అదే వయసు ఫ్రాన్సిస్ జేవియర్. ఆ జేవియరే 1542లో గోవాకు వచ్చాడు. ఫావ్రే పెద్దాయనకు అరిస్టాటిల్ పాఠాలు చెప్పేవాడు. చేసిన ప్రతి పనిలోనూ తప్పు వెతుక్కుని కుమిలిపోయే స్వభావం ఫావ్రేది. ఇగ్నేషియస్ అతని మాటలు వింటూ ఏళ్ల తరబడి ఓపిక పట్టాడు. తన ధ్యాన సాధనను అతనిచేత చేయించింది 1534లో. సాధన నేర్పేవాళ్లకు రాసిన సూచనల్లో కూడా ఎదుటివాడి వయసు, చదువు, శక్తి చూసి దానికి తగ్గట్టు మార్చి ఇవ్వమంటాడు. అందరికీ ఒకే మోతాదు కుదరదన్నమాట.

ఇక తెలుగు మాట. నా ఓటు ‘బాగోగులు విచారించడం’కి. బాగు, ఓగు కలిస్తే బాగోగులు. ఓగు అంటే చెడు. పిల్లలో మెచ్చుకోవలసినదీ దిద్దవలసినదీ రెండూ చూడాలన్న భావం ఆ ఒక్క మాటలోనే ఉంది. ‘శ్రద్ధ’లో అది రాదు.

‘విచారించడం’ అనడానికి మరో కారణం ఉంది. లాటిన్‌లో ‘కూరా అనిమారుమ్’ అంటే ఆత్మల బాధ్యత, ఊరి చర్చి గురువు (ఫాదర్) తన జనం పట్ల మోసే భారం. ఫ్రెంచివాళ్లు ఆ గురువును ‘క్యూరే’ అనేది అందుకే. మన తెలుగు కతోలికులు అదే వ్యవస్థను ఏమంటారో గమనించండి. ఒక గురువు చూసుకునే ప్రాంతం ‘విచారణ’, ఆయన ‘విచారణ గురువు’. గుంటూరు, కృష్ణా పల్లెల్లో గుడి పండుగ ఆహ్వాన పత్రిక చేతిలోకి తీసుకోండి, ఆ మాట కనిపిస్తుంది. లాటిన్ ‘కూరా’ ఉన్న చోట మన జనం ‘విచారణ’ను కూర్చోబెట్టారు. ఇంత చక్కటి మాట ఇంట్లో ఉండగా బోర్డుల మీది మాట అరువు తెచ్చుకోవడం ఎందుకు?

మరొకరు: మాస్టారూ, విచారణ అంటే ఇప్పుడు సీబీఐ, కోర్టే గుర్తొస్తాయి. ‘శుశ్రూష’ అనొచ్చుగా? గురుశుశ్రూష మనకున్నదేగా.

జవాబు: పేపర్లు విచారణను పోలీసులకు అప్పగించేసిన మాట నిజమే. అందుకే ఒంటరిగా ‘విద్యార్థి విచారణ’ అనకండి, పిల్లను స్టేషన్‌కు పిలిచినట్టు ఉంటుంది. ‘బాగోగులు’ ముందు పెడితే ఆ వాసన పోతుంది. ఊళ్లో ఇప్పటికీ “ఒంట్లో బాలేదంటే వెళ్లి విచారించి వచ్చాం” అంటారు కదా.

శుశ్రూష విషయంలో ఒప్పుకోలేను. మూలార్థం వినాలన్న కోరిక. అది శిష్యుడి నుంచి గురువు వైపు నడుస్తుంది. ఇక్కడ గురువే కదలాలి, వినవలసింది గురువే. దిశ తిరగబడితే మాట ఎంత గంభీరంగా ఉన్నా పనికిరాదు. ‘ఆలనా పాలనా’ చంటిపిల్లలకు బాగుంటుంది, పద్దెనిమిదేళ్ల వాళ్లకు బాగుండదు. ‘సంరక్షణ’ అడవులకూ ఆస్తులకూ పోయింది.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలండీ. అవే కాగితాల్లో ‘ఇతరుల కోసం స్త్రీ పురుషులు’ అన్నట్టు ఇంకో మాట ఉంది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

జవాబు: ఉందమ్మా, చాలా ఉంది. 1973 జూలై 31న స్పెయిన్‌లోని వలెన్సియాలో, యూరప్ జెస్యూట్ పూర్వవిద్యార్థుల సమావేశంలో అప్పటి జెస్యూట్ సభాధిపతి పెడ్రో అరూపే మాట్లాడారు. ఇతరుల కోసం బతికే మనుషులను తయారు చేయడమే మా విద్య లక్ష్యం కావాలన్నారు. అప్పట్లో ‘పురుషులు’ అనే ఉండేది, స్త్రీలు తర్వాత చేరారు. మిమ్మల్ని న్యాయం కోసం పనిచేసేలా తయారు చేశామా అని ఆయనే అడిగి, లేదని ఆయనే జవాబు చెప్పారు. ఎదురుగా ఉన్నది బాగా స్థిరపడిన కుటుంబాలవాళ్లు. చాలామందికి నచ్చలేదు. ఆ మాట అనే హక్కు ఆయనకు ఉందని నేను నమ్ముతాను. 1945 ఆగస్టు 6న ఆయన హిరోషిమా శివార్లలో ఉన్నారు. అంతకుముందు వైద్యం చదివిన మనిషి. శిక్షణలో ఉన్న కుర్రాళ్లతో కలిసి తమ మఠాన్నే ఆసుపత్రిగా మార్చి, కాలిన ఒళ్లతో వచ్చినవాళ్లకు కట్లు కట్టారు.

తెలుగులో ‘ఇతరులు’ అంటే చాలా దూరమైపోతారు. ఫారంలో కులం గడి పక్కన రాసే మాట అది. ‘పొరుగువారు’ అనండి. తెలుగు బైబిల్లో “నా పొరుగువాడెవడు?” అన్న ప్రశ్నకు జవాబుగా వచ్చేది మంచి సమరయుని కథ. అందులో దెబ్బలు తిన్నవాడికీ సాయం చేసినవాడికీ ఊరూ ఒకటి కాదు, జాతీ ఒకటి కాదు. కాబట్టి పొరుగు అంటే గోడ అవతలి ఇల్లు మాత్రమే అనుకోనక్కర్లేదు.

అమ్మగారికి ఇలా చెప్పండి: “అక్కడ మన పిల్ల బాగోగులు వాళ్లు విచారిస్తారట. నాలుగేళ్లు పోయాక మన పిల్ల పొరుగువాళ్ల బాగోగులు విచారించాలట.” రెండు చోట్లా ఒకే క్రియ సరిపోతుంది. కోచింగ్ బోర్డు మీద రెండో వాక్యం ఉందేమో ఆవిడనే చూడమనండి.