ఒంటారియోలో తొలి చలికాలం: కారుకి ఏ టైర్లు, ఏ రిమ్ములు?

అన్నలకి, అక్కలకి నమస్కారం. ఆగస్టులో విజయవాడ నుంచి బ్రాంప్టన్ వచ్చాం. 2019 టొయోటా ఆర్ఏవీ4 ఎల్ఈ కారు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. టైర్లు బాగా అరిగాయి. ఒకాయన 19 అంగుళాల అలాయ్ వీల్స్, టైర్లతో సహా చవగ్గా ఇస్తానంటున్నాడు. ఆల్ సీజన్ టైర్లు కాబట్టి చలికాలానికి వేరే అక్కర్లేదట. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. తీసుకోమంటారా?

మిల్టన్ నుంచి జవాబు

తమ్ముడూ, ఆ సెట్టు వదిలెయ్. ముందు వింటర్ టైర్లు కొను.

ఆల్ సీజన్ అన్న పేరు చూసి నేనూ అలాగే నమ్మాను. మేం వచ్చిన మొదటి డిసెంబరులో, మా ఇంటి దగ్గర స్టాప్ సైన్ చూసి బ్రేకు తొక్కాను. స్పీడు పాతిక కూడా లేదు. పెడల్ కాలి కింద గడగడా కొట్టుకుంటోంది, కారు మాత్రం నిదానంగా జారుకుంటూ వెళ్లి కూడలి మధ్యలో ఆగింది. అటూ ఇటూ బండ్లు లేవు కాబట్టి బతికిపోయాం. వెనక సీట్లోంచి మా పాప "నాన్నా, ఎందుకు ఆపలేదు?" అంది. ఆ వారమే టైర్లు మార్చేశాను.

దాదాపు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. మంచు పడకపోయినా పట్టు తగ్గుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న బొమ్మ కోసం చూడు. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని గుర్తు) అని మాత్రమే ఉంటే చాలదు. కొనడం మాత్రం నాలుగూ కొనాలి. ముందు రెండే మారిస్తే మలుపులో వెనక భాగం జారిపోతుంది.

క్యుబెక్‌లో రిజిస్టరైన కార్లకి డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఇవి తప్పనిసరి. మన ఒంటారియోలో ఆ చట్టం లేదు కానీ, 2016 జనవరి నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ వీటికి డిస్కౌంట్ ఇవ్వాలి. రసీదు దాచుకుని ఫోన్ చెయ్యి, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇక సైజు. నీ కారుది 225/65ఆర్17. అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 65 శాతం, సుమారు 146, రిమ్ము 17 అంగుళాలు. అదే కారుకి వచ్చే 19 అంగుళాల టైరు 235/55. పక్క ఎత్తు 129కి పడిపోతుంది. మార్చిలో మంచు కరిగాక ఇక్కడి రోడ్ల మీద తేలే గుంటలు చూస్తే తెలుస్తుంది, రిమ్ముని కాపాడేది ఆ రబ్బరే. సైజు తర్వాత 102 అని ఉంటుంది, ఒక్కో టైరు 850 కిలోలు మోస్తుందని. అంతకన్నా తక్కువది తీసుకోకు.

వింటర్ టైర్లకి విడిగా 17 అంగుళాల స్టీల్ రిమ్ములు కొనుక్కో. మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పుకి అలాయ్ మెరుపు ఎలాగూ పోతుంది. పైగా ఏటా రెండుసార్లు టైరుని రిమ్ము మీంచి ఊడదీసి ఎక్కించే పని తప్పుతుంది, చక్రాలు మారిస్తే చాలు. రిమ్ముకి తగ్గ నట్లే వేస్తున్నారా అని అడుగు. మార్చాక 80, 100 కిలోమీటర్లు తిరిగి మళ్లీ వెళ్లి నట్ల బిగువు చూపించుకో. ఇది మాత్రం మర్చిపోవద్దు. నాకు టైర్లు, రిమ్ములు, బ్యాలెన్సింగ్ అన్నీ కలిపి 1,400 డాలర్ల దగ్గర అయింది.

ఇంకొకటి. టైరు మీద డీఓటీ అన్న అక్షరాల చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3524 అంటే 2024లో 35వ వారం తయారైందని. కొన్ని టైర్లకి అది లోపలి వైపే ఉంటుంది, వంగి చూడాలి. ఆ అమ్మే ఆయన దగ్గర కూడా చూడు.

మిస్సిసాగా నుంచి

అన్నయ్య చెప్పిందే నా మాట కూడా. కాకపోతే కాండోలో, అంటే అపార్ట్‌మెంటులో ఉండి రెండో సెట్టు పెట్టుకునే చోటు లేకపోతే ఆల్ వెదర్ టైర్లు ఉన్నాయి బాబూ. ఆల్ సీజన్ కాదు, ఆల్ వెదర్. వాటికీ ఆ కొండ బొమ్మ ఉంటుంది, ఏడాదంతా ఉంచొచ్చు. గట్టి ఐసు మీద మాత్రం అసలు వింటర్ టైరంత పట్టు ఉండదు. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లేవాళ్లయితే వింటరే మేలు.

షాపుకి అక్టోబరులోనే ఫోన్ చెయ్యండి, మొదటి మంచు పడ్డాక అపాయింట్‌మెంట్ దొరకదు. మనూళ్లో బంకులో కుర్రాడు గాలి కొడతాడు, ఇక్కడ మనమే చూసుకోవాలి. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఎంత కొట్టాలో రాసుంటుంది. చలి పెరిగేకొద్దీ గాలి తగ్గుతుంది, నెలకోసారైనా గేజీ పెట్టండి.

బ్రాంప్టన్ నుంచి

ఇప్పుడే వెళ్లి ఫోన్ లైటు వేసి చూశానన్నా. రెండు టైర్ల మీద 1117, రెండింటి మీద 4316. అంత పాతవి వద్దని చెప్పి వచ్చేశాను. అక్టోబరు చివరి శనివారానికి అపాయింట్‌మెంట్ దొరికింది, స్టీల్ రిమ్ములతోనే. ఆ 1,400లో ట్యాక్స్ కలిసిందా?

మిల్టన్ నుంచి

13 శాతం హెచ్ఎస్‌టీ కలిపే తమ్ముడూ. పాత టైర్లతో అప్పటిదాకా హైవే ఎక్కేటప్పుడు ముందు కారుకి దూరంగా ఉండు.