రాణిపేట క్రోమియానికి బాక్టీరియా మందా, కాలయాపనా?

చిత్తూరు శ్రీను:
మా ఊరి నుంచి గంటలో చేరిపోయే రాణిపేటలో, మూతపడ్డ తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ ఫ్యాక్టరీ వెనకాల రెండు లక్షల టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం గుట్టగా పడి ఉంది. 1970లలో మొదలైన కంపెనీ, 1990లలో తలుపులు మూసేసి వెళ్లిపోయింది. వానపడితే గుట్ట పక్కన పసుపు నీళ్లు పారతాయి. ఐఐటీ మద్రాస్ వాళ్లు అక్కడే పైలట్ స్థాయిలో బోర్లలోంచి బాక్టీరియానీ, దాని మేతకి మొలాసిస్‌నీ (చక్కెర మిల్లులో మిగిలే తియ్యటి మడ్డి) భూమిలోకి దింపి, భూగర్భ జలాల్లో విషపు క్రోమియం తగ్గుతుందని చూపించారు. ఖర్చు తక్కువ, తవ్వకం లేదు. మరి ఇంకా ఆలోచన దేనికి? వెంటనే పెద్ద ఎత్తున మొదలుపెట్టాలని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఈటీపీ మాస్టారు:
కారణం నేను చెప్తా. బాక్టీరియా క్రోమియాన్ని తినేస్తుందని పేపర్లలో రాస్తారు. తినదు బాబూ. అది మూలకం, ఎక్కడికీ పోదు. క్రోమియం-6ని క్రోమియం-3గా మారుస్తుంది, అంతే. 6 నీళ్లలో కరిగి ఊరంతా తిరుగుతుంది, క్యాన్సర్ తెస్తుంది. 3 విషం చాలా తక్కువ, నీళ్లలో కరగక అడుగుకి దిగుతుంది. ఈ పని నేను లోహాలకు పూత వేసే ప్లేటింగ్ యూనిట్‌లో, మురుగునీళ్లు శుద్ధిచేసే ఈటీపీ ట్యాంకులో రోజూ చేస్తున్నా. అన్నభేది, అంటే ఇనుప సల్ఫేట్, వేసి కలిపితే నిమిషాల్లో మారిపోతుంది, తర్వాత సున్నం వేస్తే దిగిపోతుంది. గాజు గొట్టంలో కాస్త నీళ్లు తీసుకుని, ఆమ్లం, డైఫినైల్ కార్బజైడ్ చుక్కలు వేస్తాం. గులాబీ ఊదా రంగు తేలిందా, 6 ఇంకా ఉన్నట్టు. రంగు రాకపోతేనే వాల్వ్ తిప్పేది. మీ బాక్టీరియాకి మేత కావాలి, వేడి సరిపోవాలి, క్రోమియం మరీ ఎక్కువైతే అదే చచ్చిపోతుంది. అంత టెన్షన్ ఎందుకు?

సూక్ష్మదర్శిని:
మాస్టారూ, ట్యాంకు విషయంలో మీతో పేచీ లేదు. కానీ శ్రీను గారు అడిగింది ట్యాంకు గురించి కాదు. భూమి లోపల రాళ్ల సందుల్లో ఉన్న నీళ్లని గరిటె పెట్టి కలపలేం కదా.

ఇంకో మాట. మీ అన్నభేది లెక్క మీరే వేసి చూడండి. ఒక క్రోమియానికి మూడు ఇనుములు కావాలి. అంటే కిలో క్రోమియం-6కి సుమారు 16 కిలోల అన్నభేది. ఆ ఇనుమంతా క్రోమియంతో పాటు బురదై కూర్చుంటుంది, ఎండబెట్టినా 8 కిలోలు. క్రోమియం హైడ్రాక్సైడ్ ఒక్కటే అయితే 2 కిలోలు. బాక్టీరియా కణాల బరువు కలిపినా మీ బురద కంటే తక్కువే. ఆ బురదని ప్రమాదకర వ్యర్థంగా లారీకెత్తించి పంపడానికి మీ యజమాని ఎంత కడుతున్నారో మీకే తెలుసు.

అసలు ఇది జరిగే తీరు భలేగా ఉంటుంది. క్రోమేట్ అణువు ఆకారం సల్ఫేట్‌ని పోలి ఉంటుంది. కణం సల్ఫేట్ అనుకుని లోపలికి రానిస్తుంది, తర్వాత ప్రాణం మీదికొస్తుంది. దాన్ని తట్టుకునే బాక్టీరియాలో కొన్ని తమ ఎంజైములతో 6ని 3గా మార్చేస్తాయి. ఈ పని చేసే సూడోమోనాస్‌ని సోవియట్ శాస్త్రవేత్తలు 1977లోనే ప్రకటించారు. కొత్త వింతేమీ కాదు. ఒక్కోసారి బయటి నుంచి బాక్టీరియా తేవాల్సిన పని కూడా ఉండదు. మట్టిలో ఉన్నవాటికే మొలాసిస్ పోస్తే చాలు.

కోనసీమ కుర్రోడు:
ఇదంతా తోళ్ల ఫ్యాక్టరీల పాపమే కదా? పాలారు మన కుప్పం మీదుగా వెళ్తుంది, మనకీ ముప్పేనా?

సూక్ష్మదర్శిని:
రెండూ వేర్వేరు సంగతులు. తోళ్లు ఊనడానికి వాడే క్రోమ్ ఉప్పు క్రోమియం-3 రకం. అందుకే ఆ మురుగులో ఎక్కువగా ఉండేది అదే. ఈ గుట్ట క్రోమేట్ రసాయనాలు తయారుచేసిన చోటిది, అసలు విషం 6 ఇందులో ఉంది. ఇక పాలారు కర్ణాటకలో పుట్టి, కుప్పం దాటాకే రాణిపేట వైపు పోతుంది. అక్కడి నీళ్లు ఎగువకి రావు. అలాగని మనకేం పట్టదనుకోవాలా, అది వేరే ప్రశ్న.

పాత కాపు:
మేడమ్ లెక్కలు బాగున్నాయి గానీ, ఇదే పని కాలిఫోర్నియాలోని హింక్లీలో చేశారు. గ్యాస్ కంపెనీ పీజీ అండ్ ఈ, కూలింగ్ టవర్లు తుప్పు పట్టకుండా 1950, 60లలో క్రోమియం-6 వాడి ఆ నీళ్లని గుంటల్లోకి వదిలింది. 1996లో ఊరివాళ్లకి 33.3 కోట్ల డాలర్లు కట్టింది. తర్వాత భూమిలోకి ఇథనాల్ ఎక్కించి బాక్టీరియాని పెంచారు. క్రోమియం-6 తగ్గింది, నిజమే. కానీ బాక్టీరియా ఆక్సిజన్ అంతా లాగేసుకునేసరికి, మట్టిలో పడుకున్న మాంగనీస్, ఆర్సెనిక్ లేచి నీళ్లలోకి వచ్చాయి. ఒక దొంగని పట్టబోతే ఇద్దరు బయటపడ్డారు.

పైగా మాంగనీస్ ఆక్సైడ్ ఉన్న మట్టిలో క్రోమియం-3 మళ్లీ 6 కాగలదు. ఇవాళ దించాం, ఇక లేవదని ఎవరు పూచీ పడతారు?

ఇదంతా ఒకెత్తు. గుట్ట అలాగే ఉండగా కింద నీళ్లు శుభ్రం చేయడమంటే, కుళాయి కట్టకుండా నేల తుడవడమే. ప్రతి వానకీ పైనుంచి కొత్త విషం దిగుతుంటే మొలాసిస్ ఎన్నేళ్లు పోస్తారు? గుట్టని కప్పడమో ఎత్తడమో ముందు జరగాలి. కాలుష్యం చేసినవాడే కట్టాలని వేలూరు పౌరుల కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. మరి కట్టాల్సిన కంపెనీ మూతపడితే ఎవరిని పట్టుకుంటాం? నాకు కనిపించే అసలు అడ్డంకి ఇదే, బాక్టీరియా కాదు.

చిత్తూరు శ్రీను:
గుట్ట తేలేదాకా కింది నీళ్లని వదిలేయమంటారా కాపుగారూ? పాతికేళ్లు దాటింది. పొలాల్లో బావులున్నవాళ్లు ఇంకెంత కాలం ఆగాలి?

సూక్ష్మదర్శిని:
వదిలేయకూడదు. గుట్ట నుంచి నీళ్లు పోయే దారికి అడ్డంగా బోర్ల వరస వేసి, అక్కడే మేత పోసి, బాక్టీరియాతో గోడలాంటిది కట్టొచ్చు. గుట్ట పని ఆలస్యమైనా విషం బావులదాకా పోకుండా ఇది ఆపుతుంది. కాపుగారి మాంగనీస్ భయం న్యాయమైనదే. అందుకే మేత కొలత ప్రకారం పోయాలి, దిగువన బావుల్లో నీళ్లు చూస్తూ ఉండాలి. క్రోమియం-6 తగ్గిందని చేతులు దులుపుకుంటే కుదరదు. మొత్తం క్రోమియం లీటరుకి 0.05 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన తాగునీటి ప్రమాణం. దానితో పాటు మాంగనీస్, ఆర్సెనిక్ కూడా కొలవాలి.

ఈటీపీ మాస్టారు:
సరే మేడమ్, ఒక్క షరతు. ఆ నాలుగు లెక్కలూ టెండర్ కాగితంలో రాయించండి. బావి బావికీ, నెల నెలకీ, గుట్ట తీసేసిన తర్వాత కూడా. ఎవరు కొలుస్తారో, జీతం ఎవరిస్తారో అందులోనే ఉండాలి. అలా రాస్తే నేనూ మీ వైపే. లేకపోతే బోర్లు వేసి, ఫొటోలు దిగి, మూడో ఏడు మొలాసిస్ బిల్లు ఆగిపోతుంది. అలాంటి పైపులు నేను చాలా చూశాను. మా అన్నభేది బస్తాలైతే ఇక్కడే ఉంటాయి, కావాలంటే చెప్పండి.