స్టీరింగ్ పైపు దగ్గర ఆయిల్ కారుతోంది: ఓ-రింగ్ మారిస్తే చాలా, పైపే మార్చాలా?

పాతకారు:
నా కారుకు పదిహేడేళ్లు. పవర్ స్టీరింగ్ పంపు నుంచి ర్యాక్‌కు, అంటే చక్రాలను తిప్పే భాగానికి, వచ్చే ప్రెషర్ పైపు ఉంది కదా, ర్యాక్ దగ్గర దాని నట్టు ఎప్పుడూ తడిగానే ఉంటోంది. వారానికోసారి ఆయిల్ పోస్తున్నాను. ఒక మెకానిక్ తుడిచి, నట్టు బిగించి పంపాడు. రెండు రోజులు పొడిగా ఉంది, తర్వాత మళ్లీ మొదలు. ఇంకో మెకానిక్ పైపు మొత్తం మార్చాలంటున్నాడు. చిన్న రబ్బరు రింగు పోతే పైపంతా ఎందుకు మార్చాలి?

స్పానర్:
మార్చక్కర్లేదండీ. ఓ-రింగ్ ఉన్న ఫిట్టింగులో ఆయిల్‌ను ఆపేది ఆ రింగే, మరలు కాదు. మరల పని పైపును పట్టి ఉంచడం వరకే. అందుకే ఎంత బిగించినా ఉపయోగం లేదు, ఇంకా బిగిస్తే ర్యాక్ వైపు మరలు పోతాయి. ఏళ్ల తరబడి వేడికి రింగు గట్టిపడి చదునైపోతుంది, కొత్తది వేస్తే సరి. బాంజో బోల్టు (లోపలి రంధ్రం గుండానే ఆయిల్ వెళ్లే బోల్టు) రకమైతే రెండు వైపులా ఉన్న వాషర్లు రెండూ మార్చండి. టెఫ్లాన్ టేపు మాత్రం చుట్టనివ్వకండి. దాని తునకలు తెగి వాల్వులోకి పోతే ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది.

రబ్బరుగొట్టం:
నేను ఒప్పుకోను. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు ఆ పైపులో ప్రెషర్ చాలా కార్లలో 1,000 పీఎస్ఐ దాటుతుంది. టైరులో ఉండేది 30, 35 మాత్రమే. ఆ పైపులోని పదిహేడేళ్ల రబ్బరు భాగాన్ని అంత ప్రెషర్‌కు నమ్ముకోవాలా? పైగా ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట అంటుకునే ప్రమాదం ఉంది. నేనూ రింగే మార్చబోయాను. తుప్పు పట్టిన నట్టు విప్పుతుంటే దాంతోపాటే స్టీలు గొట్టమూ తిరిగి మెలిపడింది. చివరికి పైపే కొన్నాను. అది దొరికేదాకా కారు కదల్లేదు.

స్పానర్:
మీ బాధ అర్థమైంది. కానీ దానికి ముందురోజే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి నానబెట్టాలి. నట్టు అంచులు అరిగిపోకుండా చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్ వాడాలి. తొందరపడితే ఎవరికైనా మెలిపడుతుంది.

గ్యారేజీలో పదేళ్లు:
మీరిద్దరూ మందు గురించి వాదించుకుంటున్నారు, జబ్బు ఎక్కడుందో ఇంకా ఎవరూ చూడలేదు. ఆయిల్ కిందికి జారుతుంది. అది బొట్టు కట్టే చోటు వేరు, పుట్టే చోటు వేరు. పాతకారు గారూ, ఆ భాగమంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒకరిని స్టీరింగ్ రెండు వైపులా తిప్పమనండి. చివర్లో ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు, పంపు వేడెక్కుతుంది. మీరు టార్చి వేసి చూడండి, కానీ లీకు కోసం చేత్తో మాత్రం తడమొద్దు. సన్నని రంధ్రంలోంచి ఆ ప్రెషర్‌తో చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోగలదు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ముఖ్యంగా రబ్బరు, స్టీలు కలిసే చోట నొక్కి బిగించిన క్రింపు చూడండి. తడి అక్కడ మొదలైతే రింగు ఎన్నిసార్లు మార్చినా దండగే.

పాతకారు:
ఇవాళ పొద్దున్నే చూశాను. క్రింపు అంచు నుంచే! అక్కడ ఊరి, స్టీలు గొట్టం వెంట జారి నట్టు దగ్గర చేరుతోంది. తుడిచారు కాబట్టే ఆ రెండు రోజులు పొడిగా కనిపించిందన్నమాట. క్రింపు మీద క్లాంపు బిగిస్తే ఆగుతుందా?

రబ్బరుగొట్టం:
దయచేసి ఆ పని చేయకండి! క్లాంపు తక్కువ ప్రెషర్‌తో ఆయిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపుకే పనికొస్తుంది. ప్రెషర్ పైపు మీద అది నిలవదు.

స్పానర్:
అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, పైపు మార్చాల్సిందే. కొత్తది దొరక్కపోతే హైడ్రాలిక్ పైపులు చేసే షాపులో మీ పాత ఫిట్టింగులకే కొత్త రబ్బరు వేసి క్రింప్ చేస్తారు.

రబ్బరుగొట్టం:
పవర్ స్టీరింగ్‌కు పనికొచ్చే రబ్బరే వేస్తారని తెలిస్తేనే. లేదంటే కంపెనీ పైపు కోసం ఆగడమే మంచిది.

గ్యారేజీలో పదేళ్లు:
ఏది వేసినా రింగు కొత్తదే పెట్టండి. ఆయిల్ పోశాక ముందు చక్రాలు లేపి స్టాండ్ల మీద నిలిపి, ఇంజిన్ ఆపి ఉంచే స్టీరింగ్‌ను ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. మధ్యమధ్యలో ఆయిల్ తగ్గితే పోస్తుండండి. గాలంతా పోయి బుడగలు ఆగాకే స్టార్ట్ చేయండి.