తుఫాను సామానుకు ఒక పెట్టె సరిపోతుందా?

ప్రశ్న (ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి): మాది మహేంద్రతనయ నదికి దగ్గరలోని వీధి. ఇంట్లో నలుగురం ఉంటాము. మా అత్తగారు ఇన్సులిన్ వాడతారు. అక్టోబరు రాకముందే తుఫాను సామానంతా ఒక ఇనప ట్రంకుపెట్టెలో సర్దుకోవాలనుకుంటున్నాము. అందులో ఏమేమి ఉండాలో, కరెంటు లేనప్పుడు ఇన్సులిన్‌ను ఎలా కాపాడుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (బరంపురం నుంచి): ట్రంకుపెట్టెను ఉంచుకోండి కాని, అన్నీ అందులోనే పెట్టకండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా బరంపురానికి ముఖ్యంగా గాలి దెబ్బ తగిలింది కనుక, తలుపులు బిగించుకుని ఇంట్లోనే ఉండి, తరువాత కరెంటు లేని రోజులను నెట్టుకురావలసి వచ్చింది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ మాత్రం మీ గజపతి జిల్లాను కుండపోత వానలతో, ఏరుల పొంగుతో, విరిగిపడిన కొండచరియలతో దెబ్బతీసింది. అటువంటి రాత్రి ఇల్లు విడవవలసివస్తే ట్రంకుపెట్టెను ఎవరు మోస్తారు? అందువల్ల ఇంట్లో ఉండిపోవడానికి ఒక నిల్వ, భుజాన వేసుకుని బయలుదేరడానికి ఒక సంచి వేరువేరుగా ఉండాలి.

ఇంటి నిల్వలో మొదటిది నీరు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున లెక్క వేసుకుంటే, మీ నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు కావాలి. హెచ్చరిక వెలువడగానే మూతలున్న బిందెలు, డబ్బాలు నింపుకోండి. పొయ్యి వెలిగించకుండానే తినగలిగిన అటుకులు, బెల్లం, పేలాలు, వేయించిన వేరుశనగలు చాలు. (సహాయ శిబిరాలలోనూ ముందు చేతికి వచ్చేది చుడా, గుడొ, అంటే మన అటుకులూ బెల్లమే.) టార్చి, అదనపు బ్యాటరీలు, సెల్లుతో నడిచే రేడియో కూడా ఉంచుకోండి.

సంచిలో ఆధారు, భూమి పట్టా, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవరులో కట్టి పెట్టండి. ఏటీఎంలు పనిచేయవు కనుక చిన్న నోట్లు అవసరం. వారానికి సరిపడా మందులు, డాక్టరు చీటీ, ఛార్జి చేసిన పవర్ బ్యాంకు, కళ్ళజోడు కూడా అందులోకే వెళ్ళాలి. ఫోను ఆగిపోయినా పనికివచ్చేలా 112, 108, జిల్లా కంట్రోలు రూము 1077 నంబర్లను కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీడలో, గాలి తగిలేచోట ఉంచండి.

మళ్ళీ ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): ఇల్లు విడవవలసివస్తే కుండను తీసుకుపోలేము కదా?

జవాబు (ఛత్రపురం నుంచి, మందుల దుకాణం): వాడుకలో ఉన్న సీసాకు ఫ్రిజ్ తప్పనిసరి కాదండీ. చాలా రకాల ఇన్సులిన్ మూత తీసిన తరువాత, ఎండ తగలకుండా 25 డిగ్రీల లోపు ఉంచితే సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. మీ రకానికి గడువు ఎంతో, ఎంత వేడి వరకు తట్టుకుంటుందో పెట్టెలోని కాగితంలో చూసుకోండి. విప్పని సీసాలను మాత్రం వెడల్పు మూతి ఫ్లాస్కులో వేసుకెళ్ళండి. ఐస్ ముక్క సీసాకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ ఉండాలి, ఎందుకంటే ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్‌ను కరిగిన తరువాత కూడా వాడకూడదు. శిబిరంలో భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోయే ప్రమాదం ఉన్నది కనుక, గ్లూకోజు పొట్లాన్ని సంచి పై జేబులోనే ఉంచండి.